కాలికి ఓటు హక్కు లేదు

మన తెలుగువాళ్లకు కాళ్లు విరిగే కాలం ఒకటుంది. యాత్రకి పూర్తి సొమ్ము కట్టేసిన తర్వాత, బస్సెక్కడానికి ముందు. సరిగ్గా ఆ మధ్యలోనే విరుగుతాయి. అటక మీది సూట్‌కేసు దించబోయి స్టూలు మీంచి పడేవాళ్లు కొందరు. ఊరెళ్తున్నాం కదా అని ఇల్లంతా కడిగి, ఆ తడిలో తామే జారేవాళ్లు కొందరు. ‘కొండలెక్కాలి, ఇప్పట్నుంచే అలవాటు చేసుకోవాలి’ అని అరవై అయిదేళ్లు నిండాక జన్మలో మొదటిసారి మార్నింగ్ వాక్‌కి బయల్దేరి, మునిసిపాలిటీవారు తవ్వి వదిలేసిన గోతిలో మడమ మెలిపెట్టుకునేవాళ్లు ఇంకొందరు. యాత్ర లేని ఏడాది వీళ్లెవరికీ ఏమీ కాదు.

విరిగాక, వెళ్లాలా మానాలా అన్న ప్రశ్న వస్తుంది. తేల్చడానికి ఇంట్లో సభ కూడుతుంది. సభలో అందరికీ ఓటుంది. కట్టిన డబ్బుకి ఓటుంది, చుట్టాలకి ఓటుంది, ట్రావెల్స్ మేనేజరుకి ఓటుంది, పక్కింటావిడకి కూడా ఉంది. విరిగిన కాలికి మాత్రం లేదు. దాన్ని సభ మధ్యలో దిండు మీద పెట్టి, పెళ్లిచూపుల్లో పిల్లని కూర్చోబెట్టినట్టు, దాని ఎదురుగానే దాని గురించి అందరూ మాట్లాడేసుకుంటారు.

మా పెద్దమ్మ కాలి విషయంలో ఈ సభ నేను దగ్గరుండి చూశాను. చార్‌ధామ్ ప్యాకేజీకి పెద్దమ్మా పెద్దనాన్నా డబ్బు కట్టేశారు. పెద్దమ్మది సూట్‌కేసు తరహా. అటక, స్టూలు, కుడికాలి చీలమండలో సన్నటి పగులు. డాక్టరు పిండికట్టు వేసి, ఆరు వారాలు కాలు నేల మీద మోపొద్దన్నాడు. బస్సు మూడు వారాల్లో ఉంది. కూడికలు తీసివేతలు వచ్చినవాడికి ఇక్కడితో సంగతి తేలిపోవాలి. మా కుటుంబంలో ఇద్దరు ఇంజినీర్లున్నారు, అంచేత తేలలేదు.

మొదట లేచింది పెద్దమ్మ అల్లుడు, మా బావగారు. ‘మనిషికి నలభై ఎనిమిది వేలు అత్తయ్యగారూ! ఇద్దరికీ కలిపి లక్షకి నాలుగు వేలు తక్కువ. ఊరికే పోతాయి’ అన్నాడు. ఆ డబ్బులో ఆయనది ఒక్క రూపాయి లేదు. ఉంటే అంత బాధపడేవాడు కాదేమో. ఆయన లెక్కలో ఇంటి దగ్గర ఉండిపోతే డబ్బు పోయినట్టు, వెళితే మిగిలినట్టు. వెళ్లినా ఆ తొంభై ఆరు వేలు తిరిగిరావు. అవి కట్టిన రోజే పోయాయి. వాటి వెనకాల కాలిని కూడా పంపాలా అన్నదొక్కటే ఇప్పుడు తేలాల్సింది. ఈ మాట నేనంటే, ‘నీకు డబ్బు విలువ తెలీదు’ అన్నారు. ఎముక విలువ ఎవరికి తెలుసో ఎవరూ చెప్పలేదు.

బావగారు అక్కడితో ఆగలేదు. హరిద్వార్ దాకా రైలు టిక్కెట్లు తీసినప్పుడు 45 పైసలు కట్టి బీమా కూడా తీసుకున్నామనీ, అందులో 10 లక్షల దాకా ఇస్తారనీ, అది అడిగి చూడొచ్చుననీ ప్రతిపాదించాడు. ఆ బీమా రైలు ప్రమాదాలకి. అటక కింది స్టూలు ఇంకా రైల్వే శాఖ పరిధిలోకి రాలేదు.

తర్వాత పక్కింటావిడ. ‘కేదారనాథుడు పిలిస్తేనే వెళ్లగలం వదినా. పిలుపొచ్చింది, కాదనకూడదు’ అంది. పిలిచినవాడే కాలెందుకు విరగ్గొట్టాడమ్మా అంటే, ‘పరీక్ష పెడుతున్నాడు’ అంది. నేను గమనించిందేమంటే, ఇలాంటి సభల్లో దేవుడు ఎప్పుడూ పరీక్షే పెడతాడు. ‘ఈ ఏడాదికి వద్దులే, ఇంట్లో ఉండు’ అని చెప్పే స్వేచ్ఛ ఆయనకి లేదు. పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, పది నిమిషాలు ఆగి బయల్దేరే జాతి మనది. ఒక్క తుమ్ముకి ముహూర్తాలు మార్చుకుంటాం. ఎక్స్‌రేలో పగులు కనిపిస్తే మాత్రం ఆగం. తిరుమల నడకదారిలో ఒక కొండకి ఏకంగా మోకాళ్ల పర్వతం అని పేరు పెట్టుకున్నవాళ్లం, మనకి చీలమండ ఒక లెక్కా!

అసలు కారణం సభలో ఎవరూ బయటపెట్టలేదు. చుట్టాలందరికీ చెప్పేశారు. తిరిగొచ్చాక గంగ సమారాధనకి వంటాయనకి బయానా ఇచ్చేశారు. పంచిపెట్టడానికి రాగి చెంబులు కొనేశారు, వాటి మీద పేర్లు కూడా చెక్కించేశారు. యాత్ర మానేస్తే ఆ చెంబులు ఇంట్లో ఏ మూల పెట్టాలి? నన్నడిగితే, ఆ రోజు సభలో గెలిచింది ఈ చెంబుల ఓటే.

డల్లాస్ నుంచి పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, వీడియోలోకి వచ్చాడు. ‘రిస్కు వద్దమ్మా, హెల్త్ ముఖ్యం’ అన్నాడు. పెద్దమ్మ మొహం వాడిపోయింది. వెంటనే ‘నీకంత వెళ్లాలనుంటే నీ ఇష్టం, నేనేమంటాను’ అన్నాడు. ఎటు జరిగినా తన మీదికి రాకుండా ఒకే వాక్యంలో రెండు ఓట్లు వేసి వెళ్లి పడుకున్నాడు.

అన్నయ్యని చూస్తే నాకింకో సంగతి గుర్తొచ్చింది. అంతకుముందు పెద్దమ్మ అమెరికా వెళ్లినప్పుడు రెండు కాళ్లూ దివ్యంగా ఉన్నాయి. అయినా శంషాబాద్‌లో ఎక్కిన దగ్గర్నుంచి డల్లాస్‌లో దిగేదాకా వీల్‌చైర్ పెట్టించాడు. ఎందుకంటే లైనులో నిలబడక్కర్లేదు, ఇమిగ్రేషన్ దగ్గర ఇంగ్లీషు బాధ ఉండదు, తోసే అబ్బాయే అన్నీ చూసుకుంటాడు. ఈ రహస్యం తెలియని తెలుగు తల్లిదండ్రులు ఇప్పుడు లేరు. విమానం గుమ్మం దగ్గర వరసగా నిలిపిన చక్రాల కుర్చీల్లో కాలు మీద కాలేసుకుని కూర్చుని, అటు దిగాక మనవడు కనిపించగానే లేచి పరుగెత్తేవాళ్లని చూసే ఉంటారు. నిజంగా నడవలేనివాళ్లు ఆ వెనకాల కుర్చీ కోసం ఎదురుచూస్తుంటారు. కాళ్లు బాగుంటే చక్రాల కుర్చీ, కాలు విరిగితే హిమాలయం. వైద్యశాస్త్రానికి మనవాళ్లు ఇచ్చిన కానుక ఇది.

ఇక డాక్టర్లు. మొదటి డాక్టరు వద్దన్నాడు కాబట్టి ఆయన మంచి డాక్టరు కాదని తేలింది. రెండో ఆయన దగ్గరికి బావగారే తీసుకెళ్లాడు, నేనూ ఉన్నాను. బావగారు అడిగిన ప్రశ్న యథాతథంగా ఇది: ‘డాక్టరుగారూ, ఓ రెండు వారాలు బస్సులో అలా కూర్చుని వెళ్లొస్తారండి. నడకేం లేదు. ఇబ్బందేం ఉండదు కదండీ?’

‘ఎక్కడికి?’ అన్నాడాయన.

‘గుళ్లకండి.’

డాక్టరుకి అన్నవరం, సింహాచలం తట్టి ఉంటాయి. ‘కూర్చునే కదా. కాలు ఎత్తు మీద పెట్టుకోండమ్మా’ అన్నాడు. అంతే, ‘డాక్టరుగారు వెళ్లమన్నారు’ అని సాయంత్రానికి బంధువులందరికీ తెలిసిపోయింది.

ఆ గుళ్లలో ఒకటి 3,583 మీటర్ల ఎత్తున ఉందని బావగారు చెప్పలేదు. గౌరీకుండ్ దాటాక ఏ బండీ వెళ్లదనీ, అక్కణ్నుంచి కేదార్‌నాథ్‌కి 16 కిలోమీటర్లనీ చెప్పలేదు. పూర్వం అది 14. 2013 జూన్ వరదలో రాంబాడా ఊరు కొట్టుకుపోయాక దారి అవతలి కొండవైపు వేశారు, దూరం పెరిగింది. జానకీ చట్టీ నుంచి యమునోత్రికి ఆరు కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ, కానీ మెట్లు మెట్లుగా నిటారు దారి. ఎక్కేటప్పుడు ఊపిరితో పని, దిగేటప్పుడు మోకాలు, చీలమండలతో పని. ఒంటి బరువంతా అడుగడుక్కీ వాటి మీదే పడుతుంది. మనవాళ్లు ఎక్కడం గురించే భయపడతారు, దిగడం ఉచితం అనుకుంటారు.

‘కూర్చునే కదా’ అన్న మాటలోనూ చిక్కుంది. కట్టు వేసిన కాలిని గంటలకొద్దీ కిందికి వేలాడదీసి కూర్చుంటే పిక్కలో రక్తం గడ్డకట్టొచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి చేరితే చీలమండ సంగతి ఇంకెవరూ అడగరు. విమానాల వాళ్లు కొత్తగా పిండికట్టు వేసినవాళ్లని ఒకటి రెండు రోజులు ఆగి రమ్మంటారు, లేదా కట్టుని నిలువునా చీల్పించుకుని రమ్మంటారు. లోపల కాలు వాచినా, కట్టులో చిక్కుకున్న గాలి పైకెళ్లాక ఉబ్బినా బిగుసుకుపోతుందని. హరిద్వార్ నుంచి బార్కోట్ దాకా ఏడెనిమిది గంటలు ఘాట్‌రోడ్డు మీద వెళ్లే బస్సులో కాలు ఎత్తు మీద పెట్టుకోవాలంటే ముందు సీటాయన భుజమే గతి.

రెండో డాక్టరు ఒప్పుకున్నా చాల్లేదు. పుత్తూరు కట్టు కట్టిస్తే మూడు కట్లకి లేచి నడుస్తారని ఇంకో వర్గం బయల్దేరింది. పసరు, వెదురు బద్దలు, గుడ్డ. చిత్తూరు జిల్లా నుంచి చెన్నై దాకా దానికున్న పేరు నేను కాదనను. కానీ ఆ కట్టు కట్టేవాళ్లు కూడా కట్టాక కదలొద్దనే చెప్తారు. ఎముక అతకడానికి వారాలు పడుతుందన్న విషయంలో పసరుకీ పిండికీ మధ్య భేదాభిప్రాయం లేదు. భేదమంతా మావాళ్లకే.

ఇప్పుడు ట్రావెల్స్ వారి దగ్గరికి వద్దాం. పేరెందుకు, ఏ ఊళ్లోనైనా ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురుగా ఇలాంటి బోర్డు ఒకటుంటుంది. వాళ్ల కరపత్రం నా దగ్గరుంది. ముందువైపు కేదార్‌నాథ్ గుడి బొమ్మ, దానికంటే కొంచెం పెద్దదిగా ప్రొప్రయిటరుగారి ఫోటో. పుష్‌బ్యాక్ సీట్లు, ఆంధ్రా భోజనం, వంటవాళ్లు వెంటే ఉంటారు, వృద్ధుల పట్ల ప్రత్యేక శ్రద్ధ. వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో షరతులు. కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుని చదివాను. నెల రోజుల లోపు మానుకుంటే సొమ్ము వాపసు లేదు. గుర్రం, డోలీ, హెలికాప్టరు ఖర్చులు యాత్రికులవే. బస్సు వెళ్లని చోటికి వెళ్లడం యాత్రికుల బాధ్యతే. అనారోగ్యం చేసినా, ప్రమాదం జరిగినా యాజమాన్యానికి సంబంధం లేదు. సమయానికి రానివారి కోసం బస్సు ఆగదు. ముందువైపు చెప్పిన ప్రత్యేక శ్రద్ధ ఏమిటో వెనకవైపు ఎంత వెతికినా దొరకలేదు.

ఫోన్ చేశాను. మేనేజరు తీయటి మనిషి. విషయం చెప్పగానే ‘అయ్యయ్యో, అమ్మగారికా!’ అన్నాడు. ఆ అయ్యయ్యో తర్వాత ఊపిరి కూడా పీల్చుకోకుండా, ‘ఏం భయం లేదండి, పోయినేడు ఒక మామ్మగారు ఎనభై ఏడేళ్లు, రెండు మోకాళ్లూ మార్పించుకుని వచ్చారు, కేదారం నడిచే ఎక్కారు, మాకంటే ముందే దిగారు’ అన్నాడు. ఈ మామ్మగారిని నేను ఎరుగుదును. రాష్ట్రంలో ప్రతి ట్రావెల్స్‌లోనూ ఈవిడే ఉంటుంది. అమర్‌నాథ్ ఎక్కిందీ ఈవిడే, గిర్నార్ ఎక్కిందీ ఈవిడే. ఎవరి కాలు విరిగినా ముందు ఈవిణ్ని దింపుతారు. ఈవిడ ఊరు, ఫోన్ నంబరు మాత్రం ఎవరి దగ్గరా ఉండవు.

‘పోనీ వచ్చే బ్యాచ్‌కి మార్చండి’ అన్నాను. పదిహేను రోజులకో బస్సు వెళ్తోంది, సీజన్ దీపావళి దాకా ఉంది.

‘సిస్టమ్‌లో కుదరదండి.’

‘మీ సిస్టమ్ అంటే ఆ నోటుపుస్తకమే కదా.’

‘హోటళ్లకి కట్టేశామండి.’

‘సీటు ఖాళీ అయితే వెయిటింగులో ఉన్నవాళ్లకి ఇస్తారా?’

‘ఇస్తామండి, బోలెడు డిమాండుంది.’

ఒకే సీటుకి ఇద్దరి దగ్గర డబ్బు. కాలు విరిగినావిడ ఒకసారి కడుతుంది, కాళ్లు బాగున్నాయన ఇంకోసారి కడతాడు. అంటే పెద్దమ్మ మానేస్తే వాళ్లకి లాభం, వస్తే నష్టం లేదు. ఇంత నిశ్చింతగా ఉండే వ్యాపారం కొబ్బరితోట కూడా కాదు. జరిగిన నష్టానికి పొంతన లేని జరిమానా వేసే షరతుని ‘అన్యాయపు ఒప్పందం’ కింద లెక్కగట్టమని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. ఆ మాట మేనేజరుతో అంటే ‘మీరు లాయరుగారా అండీ?’ అని ఎంతో గౌరవంగా అడిగి ఫోన్ పెట్టేశాడు. మావాళ్లు నా మీదే కోప్పడ్డారు. రేపు వాళ్లతోనే వెళ్లాల్సింది, వాళ్లతో గొడవా అని.

మా సభలో పాతకాలం కబురు కూడా ఒకటి దొర్లింది. ‘మన పెద్దలు కాశీకి నడిచి వెళ్లలేదూ?’ అని. వెళ్లారు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని సామెత కూడా కట్టి మరీ వెళ్లారు. కానీ యాత్ర రాసిపెట్టిన ఏనుగుల వీరాస్వామయ్యనే చూడండి. 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పల్లకీ ఉంది, బోయీలున్నారు, వెంట పెద్ద పరివారం ఉంది. ఆగాలనుకున్న చోట ఆగాడు. తెల్లవారుజామున మూడున్నరకి తలుపు బాది, ‘ఇంకా స్నానం కాలేదా అయ్యగారూ, అందరూ బస్సెక్కేశారు’ అని విజిల్ ఊదేవాడు ఆయనకి లేడు.

కాళ్లు బాగాలేనివాళ్లు ఊళ్లు తిరగకూడదని నేననను. తిరగాలి. తమ వేగానికి తగ్గట్టు కారు మాట్లాడుకుని, మెట్లెక్కడున్నాయో ముందే కనుక్కుని, రోజుకో గుడి చూసుకుంటూ తిరిగేవాళ్లని చూశాను. కానీ గుంపు యాత్ర అందుకు పుట్టింది కాదు. అందులో నలభై మందికి ఒకటే గడియారం, అది మేనేజరు చేతికుంది. ఒక్కరు కుంటితే మిగతా ముప్ఫై తొమ్మిది మంది దర్శనం ఆలస్యం. మొదటి రెండు రోజులు బస్సంతా ‘పాపం’ అంటుంది. మూడో రోజు ఆ పాపం అయిపోతుంది. ‘ఇలాంటివాళ్లు ఇంట్లో కూర్చోవచ్చు కదా, మన ప్రాణం తీయకపోతే’ అన్న మాట వెనక సీట్లోంచి బయల్దేరి, వినపడేంత గట్టిగా ముందు సీటుకి చేరుతుంది.

పెద్దమ్మకి చేరింది. చెప్పలేదు కదూ, ఆవిడ వెళ్లింది. ఎనిమిది ఓట్లకి రెండు. ఆ రెండూ మొదటి డాక్టరుదీ నాదీ.

తర్వాత ఆవిడ చెప్పిన సంగతుల్లో గుళ్లు తక్కువ. ఘాట్‌రోడ్డు మీద బస్సు ఆగుతుంది. మగవాళ్లు అటు, ఆడవాళ్లు ఇటు బండరాళ్ల చాటుకి వెళ్తారు. పిండికట్టు కాలితో అక్కడ వంగి కూర్చోవడం ఎలాగో సభలో ఎవరూ చర్చించలేదు. అంచేత పెద్దమ్మ నీళ్లు తాగడం మానేసింది. పొద్దున్న బస్సెక్కిన దగ్గర్నుంచి రాత్రి బస దాకా గుక్కెడే. రక్తం గడ్డకట్టడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. అయినా కట్టలేదు, దానికి మాత్రం కేదారనాథుణ్ని నేనూ మెచ్చుకుంటాను.

జానకీ చట్టీలో వాన. పిండికట్టు తడిస్తే మెత్తబడుతుంది కాబట్టి, ఊళ్లో చీరల కొట్టువాళ్లిచ్చిన ప్లాస్టిక్ సంచీ కాలికి తొడిగి, రబ్బరుబ్యాండ్లు వేశారు. డోలీవాళ్లు నలుగురు వచ్చి ఆవిణ్ని పైనుంచి కిందిదాకా చూశారు. అక్కడ మనిషి బరువుని బట్టి రేటు. ఒకడు తన భాషలో ఏదో అన్నాడు, మిగతా ముగ్గురూ నవ్వారు. పెద్దమ్మకి హిందీ రాకపోయినా అది మాత్రం బాగా అర్థమైంది. ‘అది మీ ఖర్చేనండి అమ్మగారూ’ అని మేనేజరు గుర్తుచేశాడు. వానలో, నిటారు మెట్ల మీద, ప్లాస్టిక్ సంచీతో సహా పెద్దమ్మని ఆ నలుగురూ భుజాల మీద పైకి చేర్చారు. ‘పరీక్ష పెడుతున్నాడు’ అని పక్కింటావిడ అన్నది ఈ నలుగురి గురించి అయ్యుంటుంది.

కేదార్‌నాథ్‌కి హెలికాప్టరు అన్నారు. ఆ టిక్కెట్లు ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటులో అమ్మకానికి పెట్టగానే ఎగిరిపోతాయని, హెలికాప్టరు కంటే ముందు అవే ఎగురుతాయని, అక్కడికెళ్లాక తెలిసింది. దొరికినా అదేం పూలపల్లకీ కాదు. 2025 జూన్ 15న గౌరీకుండ్ దగ్గర కేదార్‌నాథ్ నుంచి వస్తున్న హెలికాప్టరు కూలి ఏడుగురు పోయారు. అంచేత పెద్దమ్మని గుప్తకాశీ లాడ్జిలో వదిలి, బస్సు రెండు రోజులు పైకెళ్లింది. పెద్దనాన్న గుర్రం మీద వెళ్లి నడుం పట్టేయించుకుని వచ్చాడు. ఆ రెండు రోజులూ పెద్దమ్మ గదిలో టీవీ చూసింది. అదే టీవీ ఇంట్లో ఇంకా పెద్దది ఉంది.

గంగోత్రీ బదరీనాథ్ బాగానే చూసింది. ఎందుకంటే ఆ రెండింటికీ రోడ్డు దాదాపు గుడి దగ్గరి దాకా ఉంది. కొద్ది దూరం చక్రాల కుర్చీలోనో ఎవరి భుజం ఆసరాతోనో వెళ్లిపోవచ్చు. నాలుగు ధామాల్లో కాళ్లతో పనిపడేవి రెండే అన్న ఈ ఒక్క ముక్క సభ రోజునే ఎవరైనా అడిగుంటే, ఆ రెంటినీ వదిలి ఈ రెంటికీ, కాలు అతికాక, ఒక కారులో వెళ్లొచ్చుననే మాట వచ్చేది. కానీ కరపత్రంలో సగం ధామాలు అమ్మరు. సగం చూశామని చుట్టాలకి చెప్పుకోనూ లేం. ఇప్పటికీ మా ఇంట్లో లెక్క నాలుగే. కేదార్‌నాథ్ గుప్తకాశీ లాడ్జిలోకి మారినట్టు అందరం ఒప్పుకున్నాం.

ఇలాంటివాళ్లని ఆపడానికి ప్రభుత్వం లేదా అంటారేమో. ఉంది, కొన్ని చోట్ల. అమర్‌నాథ్‌కి వెళ్లాలంటే అధీకృత వైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి, పదమూడేళ్ల లోపువాళ్లనీ డెబ్భై దాటినవాళ్లనీ పంపరు. చార్‌ధామ్‌కి రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఆరోగ్యం మాత్రం సలహాల పరిధిలో ఉంది. దారిలో పరీక్షా శిబిరాలుంటాయి, జాగ్రత్తలు రాసిన బోర్డులుంటాయి. మన దగ్గర సలహా అన్నది ఎదుటివాళ్లకి ఇచ్చే వస్తువు. పెద్దమ్మ బీపీ చూసినవాళ్లు కాలి మీది చీరల కొట్టు సంచీని చూసి ‘యే క్యా హై’ అన్నారట. ‘జై కేదార్’ అని బస్సంతా జవాబిచ్చిందట.

తిరిగొచ్చాక ఎక్స్‌రే తీస్తే సన్న పగులు కాస్తా ఎడంగా జరిగింది. ప్లేటు, మరలు. ఆపరేషన్ ఖర్చు ప్యాకేజీ సొమ్ముకి రెట్టింపు. తొంభై ఆరు వేలు ఊరికే పోకుండా కాపాడిన మా బావగారు ఆ బిల్లు కట్టేటప్పుడు మాత్రం ఊళ్లో లేడు. సమారాధన దివ్యంగా జరిగింది. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని రాగి చెంబులు పంచింది. వచ్చినవాళ్లందరూ ఆవిడ కాలికి కూడా ఒక నమస్కారం పెట్టి, ‘ఆ కాలితో వెళ్లొచ్చారంటే ఎంత పుణ్యం!’ అన్నారు. పక్కింటావిడ అందరికంటే ముందుంది.

మొన్న ఆ ట్రావెల్స్ ఆఫీసులో, చెయ్యి విరిగిన ఒకాయన కూతురికి మేనేజరు ధైర్యం చెప్తున్నాడట. ‘పోయినేడు ఒకావిడ కాలికి కట్టుతో వచ్చి నాలుగు ధామాలూ చూశారండి’ అని. మామ్మగారికి ఇన్నాళ్లకి తోడు దొరికింది.

బావగారు ఇప్పుడు కైలాస మానససరోవరం మీద పడ్డాడు. 2025 నుంచి ఆ యాత్ర మళ్లీ మొదలైంది కదా. డోల్మా కనుమ 5,630 మీటర్లు. విదేశాంగ శాఖ పంపే యాత్రకి డెబ్భై దాటకూడదు, బీఎమ్‌ఐ 25 దాటకూడదు, ముందుగా ఢిల్లీలో వైద్య పరీక్షలు చేసి పనికిరానివాళ్లని అక్కణ్నుంచే వెనక్కి పంపేస్తారు. బావగారి బీఎమ్‌ఐ 31. ఇన్నాళ్లకి ఒక యాత్రలో కాలికీ గుండెకీ ఊపిరికీ ఓటిచ్చారని నేను సంతోషిస్తుంటే, ఆయన ఢిల్లీలో ఆ పరీక్షలు చేసే డాక్టర్లలో మన జిల్లావాళ్లు ఎవరైనా ఉన్నారా అని వాకబు చేస్తున్నాడు.